స్టేజీ ఎక్కే దారి

నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో నాటకానికి రోజు కుదర్చాలంటే పంచాంగం ఒక్కటే చూస్తే చాలదు. మామిడి తోటల్లో కోత ఎప్పుడు మొదలవుతుందో, కౌలు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో కూడా చూసుకోవాలి. శ్రీరామనవమి పందిళ్ల దాకా జనం ఉంటారు. ఆ తరవాత రసాలు, బంగినపల్లి కోతకొస్తే అర్జునుడూ భీముడూ అందరూ చెట్ల దగ్గరో, నున్న మార్కెట్‌కి వెళ్లే బళ్ల మీదో ఉంటారు. మళ్లీ హార్మోనియం పెట్టె తీసేది తొలకరి పడి తోటలు ఖాళీ అయ్యాకే.

బడిలో తెలుగు చెబుతూ, రాత్రిళ్లు పద్యనాటకం నేర్పుతూ నా జీవితం ఈ ఊళ్లలోనే గడిచింది. చూపు లేనివాళ్లు, కాళ్లు పట్టు లేనివాళ్లు, వినపడనివాళ్లు నా దగ్గర నేర్చుకున్నారు. వాళ్ల దగ్గర నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు నాటక సమాజాలు నడుపుతున్న కుర్రవాళ్ల కోసం ఆ మాటలు వరస వేసి రాస్తున్నాను.

1. ఒక్క పిల్లవాడి కోసమైనా పూర్తి ఏర్పాటు చేయండి

విజయనగరం సంగీత కళాశాల ఎలా పుట్టిందో మనలో చాలామందికి తెలియదు. మహారాజా విజయరామ గజపతిరాజు గారి ఆస్థానంలో చాగంటి జోగారావు గారని ఒక ఉద్యోగి ఉండేవారు. వారబ్బాయికి చూపు లేదు, సంగీతం మీద మాత్రం చెప్పలేనంత ఇష్టం. ఆ పిల్లవాడికి విద్య చెప్పించాలన్న తలంపుతోనే మహారాజావారు 1919లో సంగీత పాఠశాల పెట్టారని చరిత్ర. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామినాయుడు గారు వచ్చారు.

నాయుడు గారికీ చూపు బాగా తక్కువ. అయినా 1936లో దాసుగారి తరవాత ఆ కళాశాల అధ్యక్ష పీఠం ఆయనదే అయింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ని ఒంటరిగా కచేరీ నడిపించే వాద్యంగా నిలబెట్టిన వారిలో ఆయన ముందు వరసలో ఉన్నారు.

రాజుగారు ఆ అబ్బాయి ఇంటికి ఒక మాస్టార్ని పంపి ఊరుకోవచ్చు. అదీ దయే, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన అలా చేయకుండా గురువుల్ని, గదుల్ని, జీతాల్ని సమకూర్చి బడి పెట్టారు. ఆ బడికి తరవాత ఎవరు వెళ్లారో చూడండి. మన కృష్ణా జిల్లా గుడివాడ తాలూకా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు అక్కడే చదివారు. పి. సుశీల గారు అక్కడే చదివారు. తెలుగిళ్లలో తెల్లవారుజామున వినిపించే గొంతుకు విద్య అబ్బిన చోటు, ఒక చూపు లేని పిల్లవాడి కోసం మొదలైన చోటు ఒక్కటే.

అందుకే, "ఒక్కడి కోసం ఇంత ఖర్చా మాస్టారూ?" అని కమిటీలో ఎవరైనా అడిగితే నేను విజయనగరం కథ మొదలు పెడతాను.

2. మన విద్య చెవితో నేర్చుకునేదే

పద్యనాటకం ఆడిన మా పాతతరం నటుల్లో చదవడం రానివాళ్లు ఎంతోమంది. హార్మోనియం మాస్టారు పద్యం పాడేవాడు, నటుడు వెంట పాడేవాడు. పాదానికి పాదం, విరుపుకి విరుపు. యతి ఎక్కడ పడుతుందో, ప్రాస ఏ అక్షరంతో వస్తుందో చెవిలో పడితే తరవాతి మాట దానంతట అదే నోటికొస్తుంది. మన ఛందస్సు జ్ఞాపకానికి మెట్లు కట్టిపెట్టింది. హరికథ అంతే, బుర్రకథ వంతలూ అంతే. పుస్తకం చూసి నేర్చుకోవాలన్న పట్టుదల మధ్యలో వచ్చిందే.

అలాంటప్పుడు చూపు లేని పిల్లాడు నేర్చుకోవడానికి వస్తే "వీడికి ఎలా చెప్పాలి?" అని కంగారు పడటం దేనికి? మన తాతలకు చెప్పినట్టే చెప్పండి. కుంభకోణంలో శరభశాస్త్రి గారు చూపు లేకుండానే వేణువు నేర్చి, కర్ణాటక సంగీత కచేరీలో వేణువుకి చోటు సంపాదించారు. 1904లో పోయేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. పల్లడం సంజీవరావు గారు ఆయన శిష్యులే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "దేవుడు కళ్లు తీసుకుని గొంతిచ్చాడు" అని మన ఊళ్లలో తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. మా దగ్గర నేర్చుకున్న అబ్బాయి ఒక సీసపద్యం మీద ఎన్ని తెల్లవారుజాములు కూర్చున్నాడో నేను చూశాను. కల్యాణిలో ఎత్తుకున్న రాగం మోహనలోకి జారిపోతుంటే కన్నీళ్లు పెట్టుకుని మళ్లీ మొదలెట్టేవాడు. ఆ కష్టమంతా దేవుడి ఖాతాలో రాసేస్తే వాడికి మిగిలేదేమిటి? సాధన అనండి. మిగతా వాళ్లకి ఏ మాట వాడతారో ఆ మాటే వాడండి.

ఇప్పుడు పని ఇంకా తేలికైంది. పద్యం ఫోనులో రికార్డు చేసి పంపితే బస్సులో కూర్చుని వింటున్నారు. తెర మీది తెలుగు అక్షరాల్ని ఫోనే చదివి వినిపిస్తోంది. నాటకం ప్రతిని ఫొటో తీసి పంపకుండా టైపు చేయించి పంపండి. ఫొటో అయితే ఫోను చదవలేక తడబడుతుంది, టైపు చేసినదైతే సాఫీగా చదువుతుంది. ఈ చిన్న సంగతి తెలియకే చాలా సమాజాలు "వాళ్లకి స్క్రిప్టు ఇవ్వలేం" అంటాయి.

3. నటుణ్ణి కొలిచే ముందు స్టేజీని కొలవండి

దీని మీద నేను ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మొదటి తిరస్కారం మెట్ల దగ్గరే జరుగుతుంది.

మన ఊళ్లలో కట్టిన స్టేజీలు ఇంచుమించు నాలుగడుగుల ఎత్తు. వెనక నాలుగైదు నిట్రమైన మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. చక్రాల కుర్చీలో ఉన్నవాణ్ణి నలుగురు ఎత్తుకుని పైన పెడతారు. ఎత్తేవాళ్లు మంచివాళ్లే. కానీ కిరీటం పెట్టుకుని, పద్యం మనసులో నెమరేసుకుంటూ ఉన్న నటుణ్ణి ధాన్యం బస్తా పట్టుకున్నట్టు పట్టుకుని ఎత్తితే అతను లోపలికి వచ్చేసరికి ఆ పాత్ర సగం చెదిరిపోతుంది. సొంతంగా పైకి రావడం నటనలో భాగం.

ర్యాంపుకి లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. నాలుగడుగుల స్టేజీకి నలభై ఎనిమిది అడుగులు కావాలి. అంత పొడవు అనగానే కమిటీవాళ్లు చేతులెత్తేస్తారు. లేదా పదడుగుల్లో నిట్రంగా ఒక బల్ల వేసి ర్యాంపు అంటారు, దాని మీద కుర్చీ వెనక్కి దొర్లుతుంది. నా సలహా ఒకటే, స్టేజీనే దించండి. అడుగున్నర ఎత్తు చాలు. ర్యాంపు పద్దెనిమిది అడుగులకు వస్తుంది. వెల్డింగ్ షాపులో ఇనుప చట్రం చేయించి పైన మందం ప్లైవుడ్ బిగిస్తే, మూడు ముక్కలుగా విడదీసి ట్రాక్టర్‌లో ఏ ఊరికైనా పట్టుకెళ్లొచ్చు. వెడల్పు నాలుగడుగులకు తగ్గనివ్వకండి, పక్కలకి చక్రం జారకుండా అంచు కొట్టించండి.

స్టేజీ దించితే వెనకవాళ్లకి కనపడదని ఒక అభ్యంతరం వస్తుంది. నిజానికి ఎత్తు స్టేజీ మనకు కొత్తది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ధార్వాడ నాటక సమాజాలు వచ్చి ఆడి వెళ్లాకే తెరలూ ఎత్తు వేదికలూ మన ఊళ్లకి వ్యాపించాయి. అంతకు ముందు వీధి భాగవతం గుడి ముందు నేల మీదే ఆడేవారు. కూచిపూడివారు ఊరూరా తిరిగి ఆడింది నేల మీదే. జనం చుట్టూ కూర్చునేవారు. (ఆ రోజుల్లో అందరికీ చోటుండేదని నేను చెప్పడం లేదు. ఆ మేళాల్లో ఆడవాళ్లకే చోటు లేదు.) ముందువాళ్లు చాపల మీద, వెనకవాళ్లు కుర్చీల్లో, ఆ వెనకవాళ్లు నిలబడి చూసే మన పద్ధతికి అడుగున్నర ఎత్తు సరిపోతుంది.

చూపు లేని నటుడికి వేరే ఏర్పాటు కావాలి. తివాచీ కింద, స్టేజీ అంచుకి రెండడుగుల ఇవతల లావుపాటి కొబ్బరితాడు ఈ చివరి నుంచి ఆ చివరికి వేయించండి. మైకు నిలబడే చోట ఇంకో చిన్న ముక్క. మన నటులు చెప్పుల్లేకుండా ఆడతారు కాబట్టి పాదానికి తాడు తగలగానే ఎక్కడున్నాడో తెలుస్తుంది. హార్మోనిస్టు మాత్రం ప్రతి రిహార్సల్‌లోనూ, ఆటలోనూ ఒకే పక్కన కూర్చోవాలి. మా దగ్గర నేర్చుకున్న ఆ అబ్బాయి సభ మొత్తాన్ని పెట్టె శబ్దాన్ని బట్టే కొలుచుకుంటాడు. ఒకసారి ఎవరో పెట్టెని కుడి నుంచి ఎడమకి మార్చారు. రిహార్సల్ కాబట్టి సరిపోయింది. మైకు తీగలు అడ్డం పడకుండా చూసుకోండి. తివాచీ ముడతలు పడకుండా అంచులకి మేకులు కొట్టండి.

మేకప్ గది, మరుగుదొడ్డి సంగతి ఎవరూ తలపెట్టరు. తెల్లారే దాకా సాగే నాటకానికి వచ్చిన మనిషి మరుగుదొడ్డి లేదని మధ్యాహ్నం నుంచి నీళ్లు మానేసి కూర్చుంటే ఆ గొంతులో పద్యం ఎలా పలుకుతుంది?

ర్యాంపు కట్టాక మా దగ్గర మొదట దాన్ని వాడింది హార్మోనియం పెట్టెలు మోసేవాళ్లు. తరవాత మోకాళ్ల నొప్పుల ద్రోణాచార్యుడు. ఇప్పుడు మెట్ల వైపు ఎవరూ వెళ్లడం లేదు.

4. తడుములాట నటన కాదు

పాండవోద్యోగ విజయాల్లో కృష్ణ రాయబారం సీనుకి ధృతరాష్ట్రుడు కావాలి. ఎన్నో ఏళ్లుగా ఆ వేషం చూస్తున్నాను. చూపున్న నటుడు కళ్లు తేలేసి, రెండు చేతులూ చాచి గాలిలో వెతుక్కుంటూ వస్తాడు. జనం "అయ్యో" అంటారు. మా దగ్గర నేర్చుకున్న అబ్బాయికి ఆ వేషం ఇచ్చినప్పుడు, పాతవాళ్లు అలాగే చేసి చూపించబోయారు. వాడు విని, "మాస్టారూ, ధృతరాష్ట్రుడు పుట్టినప్పటి నుంచీ ఆ కోటలోనే ఉన్నాడు కదండీ. సొంత సభలో తడుముకుంటాడా?" అని అడిగాడు.

ఆ మాటతో మా ధృతరాష్ట్రుడు మారిపోయాడు. తిన్నగా నడిచి వచ్చి సింహాసనం చేతిమీద అరచెయ్యి పెట్టి కూర్చుంటాడు. కృష్ణుడు మాట్లాడుతున్నప్పుడు ముఖం అటు తిప్పడు, చెవి తిప్పుతాడు. దుర్యోధనుడు కోపంగా లేస్తే, ఆ అడుగుల చప్పుడికే తండ్రి భుజాలు బిగుసుకుంటాయి. కొడుకు మనసు కొడుకు అడుగులోనే తెలిసిపోయే తండ్రి. తిరుపతి వేంకట కవుల పద్యాలు అవే, మాట ఒక్కటీ మార్చలేదు. కానీ ఆ రాజు మీద జాలి పోయి, భయం పుట్టింది. మహాభారతంలో ధృతరాష్ట్రుడు జాలిపడాల్సిన ముసలివాడు కాదు, అన్నీ తెలిసి ఊరుకున్నవాడు. ఆ సంగతి చూపున్న మాకు అంతకాలం తట్టలేదు.

మన సినిమాలు ఈ విషయంలో మంచీ చేశాయి, కొరతా మిగిల్చాయి. 1986లో విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల'లో చూపు లేని వేణుగాన విద్వాంసుడికీ, మాట రాని చిత్రకారిణికీ ఎంత గౌరవం ఇచ్చారో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరైపోయిన సినిమా అది. అయితే ఆ రెండు పాత్రలూ వేసింది చూపూ మాటా ఉన్నవాళ్లే. మచిలీపట్నం దగ్గర పుట్టి, చూపు లేకుండానే పరిశ్రమ స్థాపించిన బొల్లా శ్రీకాంత్ గారి మీద 2024లో హిందీలో సినిమా వచ్చింది. అందులోనూ వేషం చూపున్న నటుడిదే. ఆ నటుల ప్రతిభ గొప్పదే. నేను అడిగేది, ఆ వేషానికి చూపు లేని నటుణ్ణి ఒక్కణ్ణైనా పిలిచి పరీక్షించారా అని. పిలవకపోతే వాళ్లు నటన నేర్చుకుని మాత్రం ఎక్కడికి వెళ్లాలి?

5. నత్తినీ కుంటినీ హాస్యానికి వాడే సీను తీసేయండి

నాటకాల మధ్యలో పిట్టకథల్లా వచ్చే హాస్యపు సీన్లలో ఈ ఎగతాళి ఇంకా ఉంది. 2024 జులై 8న సుప్రీంకోర్టు సినిమాల విషయంలో చెప్పిన తీర్పు మీలో నాటకం రాసేవాళ్లు చదవాలి. వైకల్యంతో బతికే మనిషి జీవితంలోని హాస్యాన్ని అర్థం చేయించడం వేరు, ఆ మనిషిని చిన్నబుచ్చే హాస్యం వేరు అని న్యాయమూర్తులు విడదీసి చెప్పారు. మా నియమం ఇంకా సులువు. ఆ లోపం ఉన్న మనిషి ముందు వరసలో తల్లితో కలిసి కూర్చుంటే మీరు ఆ సీను ఆడగలరా? ఆడలేకపోతే కొట్టేయండి.

6. దండ వేసి పంపకండి, డబ్బు ఇవ్వండి

డిసెంబరు 3, దివ్యాంగుల దినోత్సవం వస్తే వీళ్లు అందరికీ గుర్తొస్తారు. ఒక పాట పాడించి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపిస్తారు. మిగతా ఏడాది నాటకాల కాంట్రాక్టర్ జాబితాలో వాళ్ల పేరుండదు. ధృతరాష్ట్రుడి వేషానికి ఇంకొకరికి ఎంతిస్తారో మా అబ్బాయికీ అంతే ఇవ్వాలని నేను కాంట్రాక్టర్లతో పోట్లాడాను. "వాడితో తోడు వచ్చేవాడి చార్జీలు కూడానా?" అన్నారు. అవును, అవి కూడా. రథసారథి లేకుండా రథం కదలదని వాళ్లకి తెలుసు, లెక్క రాసేటప్పుడే మరచిపోతారు.

నాటక పరిషత్తుల న్యాయనిర్ణేతలకి కూడా ఒక విన్నపం. జాలిపడి మార్కులు కలపకండి. పద్యం అపశ్రుతి పడితే పడిందని రాయండి. మా వాళ్లు కోరుకునేది అదే.

చట్టం మన వైపే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే ఇది ఇరవై ఒకటింటిని గుర్తించింది. దాని 29వ సెక్షన్ అంతా సంస్కృతీ వినోదాల గురించే. వైకల్యం ఉన్న కళాకారులకీ రచయితలకీ ప్రోత్సాహం, ఆర్థిక సాయం ఇవ్వాలంటుంది. కళల కోర్సుల్ని వాళ్లు కూడా చేరగలిగేలా మార్చాలంటుంది. మండలంలో అర్జీ పెట్టేటప్పుడు "దయచేసి" అని మొదలెట్టే బదులు ఆ సెక్షన్ నంబరుతో మొదలెట్టండి. మాటలో తేడా వస్తుంది, జవాబులోనూ తేడా వస్తుంది.

పింఛను భయం ఇంకొకటి. 2024లో దివ్యాంగుల పింఛను నెలకి ఆరు వేలు అయింది. నాటకంలో పాడితే ఎవరో చూసి పింఛను ఆపేస్తారని తల్లిదండ్రులు వణుకుతారు. సదరం క్యాంపులో డాక్టర్లు కొలిచేది వైకల్యం శాతాన్ని. పద్యం పాడగలడా లేదా అన్న గడి ఆ కాగితంలో లేదు. ఈ మాట ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, నింపాదిగా చెప్పాలి. ఫోనులో చెబితే నమ్మరు.

7. ఆడపిల్లల ఇంటికి ఆడవాళ్లని తీసుకెళ్లండి

పోలియో వచ్చిన తరం ఇంకా మన మధ్యే ఉంది. మన దేశంలో చివరి కేసు 2011లో నమోదైంది, 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది. అంతకు ముందు పుట్టిన ఆడపిల్లలు, ఇప్పుడు నడివయసు ఆడవాళ్లు, ఎందరో మంచి గొంతుతో ఇంట్లోనే ఉండిపోయారు. మగపిల్లాడైతే "పోనీలే, వాడి సరదా" అంటారు. ఆడపిల్లకి కాలు సరిలేకపోతే నలుగురిలో కనపడకూడదనీ, పెళ్లి కుదరదనీ దాచేస్తారు. రాత్రి నాటకం అంటే అసలే ఒప్పుకోరు.

నేను వెళ్లి అడిగితే ఏ తల్లీ తలుపు పూర్తిగా తీయలేదు. మా ఇంటావిడా, బడిలో పనిచేసిన ఇంకో టీచరమ్మా వెళ్లాక ఒక అమ్మాయి చంద్రమతి వేషానికి వచ్చింది. కాటి సీనులో చంద్రమతి కింద కూర్చునే ఉంటుంది, బిడ్డ ఒళ్లో ఉంటాడు. ఆ పద్యాలకి నిలబడాల్సిన పనే లేదు. రిహార్సల్ పగలు పెట్టాం, దింపడానికి ఆటో మాట్లాడాం. అంతే కావలసింది.

8. వినపడనివాళ్లకి వెలుగు కావాలి

ఈ విషయంలో మన పద్యనాటకం చాలా వెనకబడి ఉంది. పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పే మన అలవాటు వినపడని నటుడికి పనికిరాదు. అతనికి సైగ కావాలి, దీపం కావాలి. వింగులో చిన్న ఎర్ర బల్బు పెట్టి, అతను రావలసిన వేళకి వెలిగించండి. చెక్క స్టేజీ అయితే తబలా అదురు పాదాలకి తెలుస్తుంది. స్కాట్లండ్ తాళవాద్య విదుషీమణి ఎవెలిన్ గ్లెనీ గారికి వినికిడి దాదాపు లేదు. ఆమె చెప్పులు విడిచి, ఆ అదురు ఒంటికి తెలిసేలా వాయిస్తూ ప్రపంచమంతా కచేరీలు చేశారు. మనం ఎలాగూ చెప్పులు విడిచే ఆడతాం.

ప్రేక్షకుల్లో వినపడనివాళ్లుంటే సైగభాష తెలిసినవాళ్లని స్టేజీ పక్కన నిలబెట్టి, వాళ్ల ముఖం మీదా చేతుల మీదా వెలుగు పడనివ్వండి. చీకట్లో నిలబెడితే చెప్పీ ప్రయోజనం లేదు. పద్యం ఆలాపన సాగుతున్నంతసేపూ ఆ మనిషి చేతులు ఏం చేయాలన్నది నాకు తేలలేదు. కుర్రవాళ్లు ఆలోచించండి.

9. నటుడు పడిపోతే వేషం వెంటనే ఇంకొకరికి రాసేయకండి

మామిడి ఊళ్లలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంది. చిక్కం గడ చేత పట్టుకుని పైకొమ్మకి ఎక్కినవాడు, కొమ్మ ఫెళ్లుమంటే వెన్నుపూస మీద పడతాడు. మా తబలా వాయించే అతనికి అలాగే జరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. చేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఊరంతా వెళ్లి పరామర్శించింది. ఎవరూ తబలా పట్టుకెళ్లలేదు.

మేం పట్టుకెళ్లాం. కింద కూర్చుంటే ఒరిగిపోతున్నాడని కుర్చీలో కూర్చోబెట్టి, తబలా, డగ్గా పెట్టడానికి వడ్రంగితో తగిన ఎత్తులో బల్ల చేయించాం. స్పర్శ లేని ఒంటికి ఒకే చోట బరువు పడితే పుండ్లు పడతాయి, అవి ప్రాణం మీదకి తెస్తాయి. అందుకని సీను మారిన ప్రతిసారీ ఇద్దరు పక్కన నిలబడితే అతను చేతుల మీద ఒళ్లు పైకెత్తి బరువు మార్చుకుంటాడు. సీటు మీద గాలి దిండు ఉంటుంది. తెర దించి ఉంచే సమయం కొంచెం పెరిగింది. జనానికి అది తెలియనే తెలియదు.

నర్తకి సుధాచంద్రన్ గారి సంగతి పాతతరానికి బాగా తెలుసు. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం తరవాత ఆమె ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ వెళ్లి కృత్రిమ పాదం పెట్టించుకున్నారు. ఆ పాదాన్ని 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పీ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించారు. చెప్పులు లేకుండా నడిచే, గొంతుక్కూర్చునే మన జనం కోసం చేసింది కాబట్టి అది చీలమండ దగ్గర వంగుతుంది. నాట్యానికి పనికొచ్చింది కూడా అందుకే. కొత్త పాదంతో, నొప్పితో, రక్తం కారుతున్నా సాధన చేసి 1984లో ఆమె మళ్లీ వేదికెక్కారు. రామోజీరావు గారు నిర్మాతగా, సింగీతం శ్రీనివాసరావు గారు దర్శకుడిగా ఆ కథ తెలుగులో 'మయూరి'గా వచ్చింది. ఆ వేషం ఆమే వేశారు. జాతీయ అవార్డుల్లో ప్రత్యేక గుర్తింపూ పొందారు. నూజివీడు హాల్లో ఆ సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు "ఎంత కష్టపడిందో" అన్నారు. ఇంకొకటీ అనుకోవాలి. ఆ వేషం ఆమెకే ఇవ్వాలని నిర్మాతకీ దర్శకుడికీ తోచింది. కష్టపడేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఆ రెండో సంగతే మన దగ్గర కొరత.

మధుమేహంతో పాదం పోగొట్టుకున్న పెద్ద నటులు, చెముడొచ్చిన హార్మోనిస్టులు ప్రతి సమాజంలోనూ ఉన్నారు. వాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు.

10. చూపు లేనివాడికి ధృతరాష్ట్రుడు ఒక్కడే చాలడు

ఇది నాకు ఈ మధ్యనే తెలిసిన పాఠం. మా ధృతరాష్ట్రుడు వచ్చే దసరాకి కృష్ణుడి వేషం కావాలన్నాడు. అదీ పడక సీనులో. సమాజంలో పెద్ద గొడవే అయింది.

ఆ సీను తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు ముందు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు తరవాత వచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. కృష్ణుడు లేవగానే ముందు అర్జునుణ్ణి చూస్తాడు. ముందు చూసినవాడికే ముందు కోరుకునే హక్కు. యుద్ధమంతా ఆ చూపు మీద ఆధారపడింది. "చూపు లేనివాడు ఆ చూపు ఎలా చూస్తాడు బాబాయ్?" అని అర్జునుడి వేషం వేసే అతను నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే.

మా అబ్బాయి జవాబు సిద్ధంగా పెట్టుకునే వచ్చాడు. "కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు కదండీ. ఇద్దరూ రావడం ఆయనకి ముందే తెలుసు. కళ్లు మూసుకుని ఉన్నవాడు మనుషుల్ని దేన్ని బట్టి గుర్తుపడతాడు?" అన్నాడు. దుర్యోధనుడి నడక బరువు వేరు, ఆసనం లాక్కునే చప్పుడు వేరు. అర్జునుడు అడుగు తీసి అడుగు వేస్తాడు, కాళ్ల దగ్గర చేతులు జోడించినప్పుడు కంకణాలు తగులుతాయి. తనకి ఆ చప్పుళ్లు చాలన్నాడు.

అప్పటి నుంచి రిహార్సల్ ఆ చప్పుళ్ల చుట్టూనే నడుస్తోంది. దుర్యోధనుడికి బరువైన పావుకోళ్లు చేయించాం. అర్జునుడికి మోగే కంకణాలు తెచ్చాం. మంచం తల వైపు హార్మోనియం ఉంటే దుర్యోధనుడి శబ్దం అందులో కలిసిపోతోందని కాళ్ల వైపుకి మార్చాం. అప్పుడు అర్జునుడి కంకణాలు వినపడలేదు. ఇక అర్జునుడు ప్రవేశించేటప్పుడు పెట్టె పూర్తిగా ఆపేయమన్నాను. హార్మోనిస్టుకి అది నచ్చలేదు. ఆ చోట శ్రుతి ఆగితే పద్యం ఎత్తుకోవడం కష్టమని అతని వాదన, అదీ నిజమే. ఒక్క షడ్జమం మాత్రం సన్నగా పట్టి ఉంచమని రాజీ కుదిరింది.

కళ్లు తెరిచిన కృష్ణుడి ముఖం ఎటు తిరగాలి, ఎంత తిరగాలి అన్నది ఇంకా తేలలేదు. అర్జునుడు వేసే అతను ఇంకో రెండడుగులు ముందుకొస్తానంటున్నాడు. మా అబ్బాయి మాత్రం వద్దంటున్నాడు, కాళ్ల దగ్గరే నిలబడమంటున్నాడు. కోతలు అయిపోయాయి, దసరా దాకా వ్యవధి ఉంది. రేపు సాయంత్రం మళ్లీ ఆ సీనే తీస్తున్నాం.